ఏదేమైనా ఇన్‌స్టాల్ చేయండి

"కాస్త ఇటు జరిగి కూర్చోండమ్మా, అక్కడ ఫ్యాను గాలి తగలదు" అన్నాను ఖాళీ స్టూలు వైపు చూస్తూ. స్టూలు జరగదు కాబట్టి నేనే కాలితో ఇవతలికి లాగాను. నేల మీద కీచుమంది. ఆ చప్పుడు బాగుంది, మనిషి సర్దుకుని కూర్చున్నప్పుడు వచ్చే చప్పుడే. కౌంటరు మీద ఆమె ఫోను ఛార్జింగుకి పెట్టి ఉంది, వెల్లకిలా, తెర ఆరిపోయి, నిద్రపోతున్నట్టు. నిద్రేం లేదు, వింటోంది. ఆమె వెళ్ళి పది నిమిషాలైంది. వెనక తలుపు తీసుకుని, మెట్ల కింద సందులోంచి, చప్పుడవుతాయని చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళింది. బస్సు పదకొండున్నరకి. ఇప్పుడు పదీ ముప్పై ఐదు. బస్సు కదిలాక, నేనిచ్చిన పాత బటన్ల ఫోను నుంచి షాపు నంబరుకి ఒక్క రింగు ఇస్తానంది, అనడం కాదు, కాగితం మీద రాసింది. ఏ ఊరి బస్సో నేను అడగలేదు. తెలియని సంగతిని ఎవరూ నా నోట్లోంచి లాగలేరు. ఆ రింగు వచ్చేదాకా ఆమె ఇక్కడే, ఈ స్టూలు మీదే కూర్చుని ఉన్నట్టు ఉండాలి, పక్క వీధిలో కళ్ళద్దాల షాపు నడుపుకుంటూ ఎడమ చెవిలో ఒక్క ఇయర్‌ఫోను పెట్టుకుని కూర్చున్న మనిషికి. ఆయన ఆమె భర్త. ఈ ఫోనులో చెవి కావాలనుకున్నది ఆయన. దాన్ని లోపల అమర్చిన చేతులు మాత్రం ఇవి, ఇప్పుడు స్క్రూడ్రైవరు పట్టుకుని ఉన్నవి.

ఏదో ఒకటి విప్పుతూ ఉండాలి, షాపంటే చప్పుళ్ళుండాలి. నీళ్ళలో పడి చచ్చిపోయిన పాత ఫోనొకటి ముందు పెట్టుకుని దాని స్క్రూలు విప్పుతున్నాను, మళ్ళీ బిగిస్తున్నాను, విప్పినవి స్టీలు గిన్నెలో వేస్తున్నాను, టింగు టింగుమని. "ముందు గంటసేపు ఛార్జింగులో పెట్టి చూడాలమ్మా, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో తెలియకుండా మార్చకూడదు" అన్నాను. ఈ మాట ఆమె ఉన్నప్పుడు ఒకసారి అన్నాను, ఆమె "సరే అక్కా, ఇక్కడే కూర్చుంటాను" అంది గట్టిగా, ఆ తర్వాతే లేచి చెప్పులు విప్పింది. ఇరవై ఐదేళ్ళుగా ఇదే బల్ల, మొదట మా మేనమామది, రేడియోల కాలంలో. ఆయన పోయాక నాది. రేడియోలు పోయి ఫోన్లొచ్చాయి, చేతులు అవే. వచ్చినవాళ్ళందరికీ జాగ్రత్తలు చెప్పడం నాకు జబ్బు. స్టోరులో లేని యాప్ కావాలని వస్తారు మనుషులు, అందులో తప్పేం లేదు, ఎవరి అవసరం వాళ్ళది. వయొలిన్ నేర్పే పెద్దాయనకి శ్రుతి చూసే యాప్ ఒకటి కావాలి, అది స్టోరులోంచి తీసేశారు. దాన్ని తయారుచేసినవాళ్ళ సొంత పేజీకి వెళ్ళి తెచ్చి, ఫైలు అసలుదేనని తేల్చడానికి వాళ్ళు అక్కడ రాసిపెట్టిన పొడుగాటి అంకెల, అక్షరాల వరసని మనకొచ్చిన ఫైలుతో అక్షరం అక్షరం సరిచూసి, అప్పుడు పెట్టాను. పెట్టాక, బయటి ఫైళ్ళని లోపలికి రానిచ్చే అనుమతిని మళ్ళీ మూసేశాను, తలుపు తీసినవాళ్ళే గడియ వెయ్యాలి కదా. "శ్రుతి చూసే యాప్ మీ ఫోన్ నంబర్లన్నీ అడిగిందనుకోండి, ఎందుకని మీరడగాలి" అన్నాను. "వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలైతే మీ తమ్ముడు పంపినా సరే పెట్టకండి. ఫోను వద్దని హెచ్చరిస్తే చదవండి, చదవకుండా నొక్కకండి." పెద్దాయన అవన్నీ వయొలిన్ పుస్తకం వెనక రాసుకున్నాడు. శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టు, ఆ మాటలన్నీ చెప్పిన మనిషినే నేను.

"నీళ్ళు తాగుతారా?" అన్నాను. గ్లాసులో నీళ్ళు పోశాను, ఆ చప్పుడు కోసం. నేనే తాగాను. తాగింది ఎవరో ఫోనుకి ఏం తెలుస్తుంది.

ఏడాదిన్నర కిందట ఆయన మొదటిసారి వచ్చినప్పుడు వాన పడుతోంది. గొడుగు బయటే ముడిచి, నీళ్ళు దులిపి, చెప్పులు గుమ్మం పక్కన పెట్టి మరీ లోపలికొచ్చాడు, అంత మర్యాద. అక్కగారూ అన్నాడు. మా ఆవిడ ఫోను, ఎక్కడ పెట్టి మర్చిపోతుందో ఆమెకే తెలీదు, ఇదొక యాప్, ఫోను ఎక్కడుందో చూపిస్తుంది, పెట్టివ్వండి అన్నాడు. ఫైలు చిన్న మెమరీ కార్డులో తెచ్చాడు. స్టోరులో దొరకదటగా అన్నాడు. నేను కార్డు గుచ్చాను. ఫోను అడ్డుపడింది. తెలియని చోటినుంచి వచ్చినదానికి అనుమతి లేదంది, ఇచ్చాను. ఇది హానికరమైన యాప్ కావచ్చు అంది, ఎర్రటి బొమ్మ చూపించింది, వద్దన్నట్టే. దాని కింద, ఎవరికీ కనబడకూడదన్నట్టు సన్నటి అక్షరాల్లో, 'ఏదేమైనా ఇన్‌స్టాల్ చేయండి'. నొక్కాను. మళ్ళీ మళ్ళీ ఇలా అడ్డుపడుతుందా అన్నాడాయన, ఫోనులో కాపలా చూసే భాగాన్ని కూడా ఆపేశాను, ఆయన అడగలేదు, నేనే ఆపాను, పని చక్కగా చెయ్యాలని. యాప్ లోపలికెళ్ళి కూర్చుంది, పేరు మార్చుకుని, 'బ్యాటరీ సేవ' అని, పక్కన చిన్న చక్రం బొమ్మ. ఫోను వెతికే యాప్‌కి ఆ దొంగపేరెందుకని నేను అడగాలా వద్దా? అవతల ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు, వాన పడుతోంది, ఆయన నా కళ్ళజోడు వైపు చూసి, పవరు మారినట్టుంది అక్కగారూ, సన్నపని చేసే కళ్ళు, ఒకసారి మా షాపుకి రండి, నేను చూస్తాను అన్నాడు. వెళ్ళాను. గడ్డం పెట్టి కూర్చోమని అద్దాలు మార్చి మార్చి చూపించాడు, ఇది బావుందా, ఇది బావుందా, ఓపిగ్గా. ఆయన ఎడమ చెవిలో ఇయర్‌ఫోను ఉంది. పాటలు వింటున్నాడనుకున్నాను. మధ్యలో ఒకసారి ఆగి, తలొంచి, చిన్నగా నవ్వాడు. మంచి పాటేమో అనుకున్నాను. ఆ జోడే ఇప్పుడు నా ముక్కు మీద ఉంది, దీంతోనే ఈ స్టూలుని చూస్తున్నాను, ఎంత తేటగా కనిపిస్తుందో, స్టూలు మీద మనిషి లేదన్న సంగతి కూడా.

కానీ ఆ మొదటిసారిది నన్ను ఇంత పీడించేది కాదు. తెలియక చేశాననుకుంటే మనసు ఎక్కడో ఒకచోట సర్దుకుంటుంది. అప్‌డేట్ ఉంది చూశారూ, అది. స్టోరులో యాప్ అయితే తనంతట తనే కొత్తదవుతుంది, బయటినుంచి పెట్టినదానికి ఆ సౌకర్యం లేదు, ఎవరో ఒకరు మళ్ళీ చేత్తో పెట్టాలి. ఆరు నెలల కిందట మళ్ళీ వచ్చాడు, పాతది సరిగా నడవడం లేదు, కొత్త వెర్షను పెట్టండి అన్నాడు. పెట్టబోతే ఫోను ఒప్పుకోలేదు, పాతదాంతో ఇది సరిపోలడం లేదంది. ప్రతి యాప్‌కీ చేసినవాళ్ళ ముద్ర ఉంటుంది, కొత్త వెర్షను మీద అదే ముద్ర లేకపోతే ఫోను గుమ్మంలోనే ఆపేస్తుంది, అది నాకు ఎంత బాగా తెలుసో. ఇది వేరేవాళ్ళు చేసిందండీ, ఎవరో, అన్నాను. అయితే పాతది తీసేసి ఇది పెట్టండి అన్నాడు. పాతది తీసేముందు అది తెరుచుకుంది, ఆయనే పిన్ను కొట్టాడు. అప్పుడు చూశాను. పటం మీద సన్నటి గీతలు, ఇంటినుంచి కూరల దుకాణానికి, దుకాణం నుంచి వాళ్ళక్క ఇంటికి, అక్క ఇంట్లో నలభై నిమిషాలు, మళ్ళీ ఇంటికి. కింద ఆమె ఎవరెవరితో ఎంతసేపు మాట్లాడిందో, గంటలూ నిమిషాలూ, ఒక్కో సంభాషణ పక్కన దాని రికార్డింగు. అక్కకి పంపిన మెసేజీ ఒకటి పూర్తిగా. 'ఈ వారం రాలేను, అడగకు.' చదివాను. ఆయన నా మొహంలోకి చూశాడు, నేను ఫోనులోకి చూశాను. కొత్త ఫైలు మైకు అనుమతి అడిగింది, ఇచ్చాను. కెమెరా అడిగింది, ఇచ్చాను. ఎర్ర బొమ్మ వస్తుందని చూశాను, రాలేదు, కాపలాని మొదటిసారే నేను ఆపేశాను కదా. మొగుడూ పెళ్ళాల మధ్య మనమెవరం అనుకున్నాను. ఆ మాట నాది కాదు, మా అమ్మ గురించి ఇరుగుపొరుగు అనేది.

మా నాన్న సాయంత్రం అమ్మ ఇంటికి రాగానే ఆమె సంచీ వెతికేవాడు. అమ్మ బట్టలు కుట్టే కార్ఖానాలో కత్తిరింపు పని చేసేది. గుమ్మం దగ్గరే నిలబెట్టి, సంచీలోవన్నీ ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టేవాడు, దువ్వెన, బస్సు టిక్కెట్టు, రుమాలు, సగం తిన్న బిస్కట్ల పొట్లం. టిక్కెట్టు మీద టైము చూసేవాడు. అమ్మ చేతులు రెండూ కిందికి వదిలేసి నిలబడేది, పరాయి మనిషి సంచీ వెతుకుతున్నట్టు, ఎటో చూస్తూ. సంచీ అమ్మ భుజం మీంచి తీసి నాన్నకి తెచ్చిచ్చేది నేను. ఆరేళ్ళుంటాయేమో. "తెచ్చివ్వమ్మా" అనేవాడు, నేను పరిగెత్తి తెచ్చేదాన్ని, నాన్న మెచ్చుకునేవాడు, మా బంగారుతల్లి చురుకు అని. సంచీ తీస్తుంటే అమ్మ భుజం కొంచెం వంచేది, నాకు అందాలని. ఆ వంపు ఈ మధ్య కలలోకొస్తోంది. అమ్మ మొహం రావడం లేదు, భుజమొక్కటే వస్తోంది.

స్క్రూ ఒకటి జారి కింద పడింది. "పడిపోయిందమ్మా, కదలకండి, నేను వెతుకుతాను" అన్నాను. మోకాళ్ళ మీద కూర్చుని స్టూలు కింద వెతికాను. దొరికింది. టైము పదకొండూ ఐదు.

ఆమె మొదటిసారి తనంతట తను వచ్చింది పది రోజుల కిందట. ఫోను ఊరికే వేడెక్కుతోంది అక్కా, మధ్యాహ్నానికే చచ్చిపోతోంది అంది. ముప్పై ఏళ్ళుంటాయి, మాట తక్కువ, కళ్ళు మాత్రం గదిలోవన్నీ ఒకసారి లెక్కపెట్టి వచ్చే కళ్ళు. ఫోను చేతిలోకి తీసుకోగానే, కవరు చూసి అది ఎవరిదో తెలిసింది. నోరు తెరిస్తే ఆయనకి వినబడుతుంది. పెన్సిలు తీసి బిల్లు పుస్తకం వెనక రాశాను, 'మాట్లాడకండి. ఈ ఫోను వింటోంది.' ఆమె చదివింది. మొహంలో ఒక్క గీత కదల్లేదు. పైకి మాత్రం "బ్యాటరీ పోయిందంటారా అక్కా?" అంది, అంత మామూలుగా. "పోయినట్టే ఉంది, కొత్తది తెప్పించాలి, పది రోజులు పడుతుంది" అన్నాను నేను. నోటితో బ్యాటరీ గురించి మాట్లాడుకుంటూ, పెన్సిలుతో మిగతాదంతా. తీసేస్తే ఆయనకి తెలిసిపోతుందా అని రాసింది. వెంటనే, అని రాశాను. ఇంట్లో వదిలేసి వెళ్తే? ఇంట్లో ఒంటరిగా ఉన్నంతసేపూ అరగంటకోసారి ఫోను చేస్తాడట, ఎత్తకపోతే పది నిమిషాల్లో ఇంట్లో ఉంటాడట. చాలాసేపు పెన్సిలు గాల్లో పట్టుకుంది. తర్వాత రాసింది, 'అయితే ఇది ఇక్కడ ఉంటుంది. నేను వెళ్తాను.' ఆ కింద ఇంకో మాట, 'తుడిచెయ్యకండి. ఉన్నది ఉన్నట్టే ఉంచండి, ఎప్పటికైనా పనికొస్తుంది.' అంత భయంలోనూ ఆమెకి అది తట్టింది. ఆ కాగితం మీద చివరిగా రాసింది, 'ఎవరు పెట్టారు?' నేను రాశాను, 'మీ ఆయన.' అబద్ధం కాదు. నిజమూ కాదు. కాగితం చించి టీ గ్లాసులో నానబెట్టి ముద్ద చేసి పారేశాను, ఆ రెండు మాటలు మాత్రం ఈ పది రోజులూ నానలేదు. పొద్దున ఆమె వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను, చెబితే నన్ను నమ్మదు, నమ్మకపోతే బస్సెక్కదు అని నాకు నేనే న్యాయం చెప్పుకున్నాను. అందులో సగం నిజం. మిగతా సగం, ఆమె నన్ను అక్కా అంటోంది.

పదకొండూ ఇరవైకి ఫోను మోగింది. తెర మీద ఆయన పేరు కాదు, ఆమె రాసుకున్నది, 'ఇల్లు' అని. మనిషిని ఇల్లు అని రాసుకుంది. ఎత్తకపోతే వస్తాడు, ఎత్తితే ఏం చెప్పాలి. ఎత్తాను.

"అక్కగారూ, ఆవిడకొకసారి ఇస్తారా?"

"టీ తాగొస్తానని పక్కకి వెళ్ళిందండీ, ఇప్పుడే."

"ఇప్పుడే మీరు ఆవిడతో మాట్లాడుతున్నారుగా" అన్నాడాయన.

అన్నాక ఆగిపోయాడు. ఆ మాట ఆయనకి ఎలా తెలుసో నేను అడగాలి, తెలియని మనిషినైతే అడిగేదాన్ని. అడగలేదు, ఎందుకు అడగలేదో ఆయనకి అర్థమైంది. అవతల ఆయన షాపులో గోడ గడియారం వినబడుతోంది. ఇంతసేపూ ఆయన ఆ చెవితో నా గొంతొక్కటే విన్నాడు, కూర్చోండమ్మా, నీళ్ళు తాగండమ్మా, కదలకండమ్మా, ఒక్కసారైనా ఆమె జవాబు చెప్పలేదన్న సంగతి ఇప్పుడు గుర్తొస్తోంది ఆయనకి, నాకు వినిపిస్తోంది ఆయనకి గుర్తుకురావడం. పెట్టేశాడు. షాపు కట్టెయ్యాలి, రోడ్డు దాటాలి, వీధి తిరగాలి. పది, పదిహేను నిమిషాలు. బస్టాండు ఇటు కాదు, అటు. ఆయన ముందు ఇటే వస్తాడు, ఆయన ఫోనులో పటం మీద ఆమె చుక్క ఇక్కడే ఉంది కాబట్టి. ఆయన చుక్కనే నమ్ముతాడు. నేను ఇంకా స్టూలుతో మాట్లాడుతూనే ఉన్నాను, "వచ్చారా, టీ బావుందా" అంటున్నాను, ఎవరికోసం అంటున్నానో కూడా తెలియడం లేదు, ఆ స్టూలు మీద ఒకసారి ఆమె, ఒకసారి వంగిన భుజంతో మా అమ్మ. పదకొండున్నర. ముప్పై రెండు. బస్సులు ఎప్పుడు టైముకి కదిలాయి గనక. ముప్పై నాలుగుకి షాపు ఫోను ఒక్కసారి మోగి ఆగింది.

ఆ ఫోను పట్టుకుని వెనక మెట్ల దగ్గరికి వెళ్ళి తలుపు మూశాను. కౌంటరు మీది ఫోనుకి ఇక్కడి మాట వినబడదు. వెళ్ళిపోయింది కదా, ఇంక చెప్పకపోయినా జరిగిపోతుంది, అని ఒక్క క్షణం అనిపించింది, ఆ క్షణాన్ని దాచను. తిరిగి చేశాను. ఎత్తింది, బస్సు ఇంజను రొద.

"అమ్మా, ఆ యాప్ పెట్టింది నేను" అన్నాను. "ఆయన తెచ్చాడు, పెట్టింది నేను. ఫోను వద్దంటున్నా పెట్టాను."

గేరు మారింది. ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు.

"ఆర్నెల్ల కింద మార్చాడు. అప్పటినుంచే నేను ఇంట్లో అన్న మాటలు నాకు తిరిగి చెబుతున్నాడు" అంది నెమ్మదిగా. "అది కూడా మీరేనా?"

"నేనే."

"అప్పటికి మీకు తెలుసా?"

"తెలుసు."

ఆమె ఏమైనా అంటే బాగుండేది. పెట్టేసింది.

తలుపు తీసేసరికి ఆయన లోపలే ఉన్నాడు. చెప్పులు విప్పలేదు. స్టూలు ముందు నిలబడి, అక్కడ ఇంకా మనిషి వేడి ఉందేమోనన్నట్టు దానిమీద చెయ్యి ఆనించి ఉన్నాడు. కౌంటరు నాకూ ఆయనకీ మధ్య. నేను ముందుగా ఛార్జరు లాగి ఫోను తీసుకుని నా సంచీలో వేసుకున్నాను. ఎక్కడికెళ్ళిందని అడిగాడు, తెలియదన్నాను. నిజంగా తెలియదని ఆయనకి నా మొహంలో కనబడింది, నా కళ్ళు చూడటం ఆయనకి అలవాటే. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. ఏదో లెక్క వేసుకున్నాడు, తర్వాత ఆ పాత మర్యాద మళ్ళీ గొంతులోకి వచ్చింది.

"అది తీసెయ్యండి అక్కగారూ. రెండు నిమిషాల పని మీకు."

ఫోను ఇవ్వమని అడగలేదు, చూశారా, తీసెయ్యమన్నాడు. నిజంగా రెండు నిమిషాలే. తీసేసి, ఫోను మొత్తం తుడిచేస్తే, గీతలుండవు, మెసేజీలుండవు, నేను ఇచ్చిన అనుమతులూ, నేను ఆపిన కాపలా, ఆ తేదీలు, ఏవీ ఉండవు. వానరోజు ఉండదు. నా వేళ్ళకి ఆ పని చూడకుండా చెయ్యడం వచ్చు. సంచీలో చెయ్యి ఫోనుకి తగులుతోంది, వెచ్చగా ఉంది.

"దాంట్లో మీ చెయ్యి కూడా ఉంది. ఉంచితే మీకు మంచిది కాదు" అన్నాడు.

"కాదు" అన్నాను. "అందుకే తీయను."

నా పెళ్ళాం ఫోను అన్నాడు. రిపేరుకిచ్చిన రశీదు ఆవిడ పేరున ఉందన్నాను. ఇంకా ఏదో అన్నాడు, నా షాపు గురించి, ఇంక ఎవరు నమ్మి ఫోనిస్తారని. ఎవరూ ఇవ్వకపోవచ్చు, వయొలిన్ పెద్దాయన కూడా. చెవి వింటూనే ఉంది, ఆయన మాటలు ఆయన ఫోనులోకే ఎక్కుతున్నాయి, ఆయనకే కాదు, ఆ కొత్త వెర్షను మీది ముద్ర ఎవరిదో వాళ్ళకి కూడా, ఎక్కడో, ఎవరో మాకు ఎప్పటికీ తెలియనివాళ్ళకి. ఫ్యాను ఆపాను. బయటికి రమ్మని సైగ చేస్తే వచ్చాడు, షట్టరు దింపి తాళం వేశాను. పోలీసు స్టేషను రెండు వీధుల అవతల, పెద్ద రోడ్డు మీద. అక్కడ బల్ల వెనక కూర్చునే అమ్మాయి ఒకసారి తన ఫోనుకి గాజు వేయించుకోవడానికి మా దగ్గరికొచ్చింది. ముందు ఏం చెప్పాలి, ఆయన గురించా, నా గురించా. నా గురించే, లేకపోతే మళ్ళీ సగమే చెబుతాను.

సంచీ భుజానికి తగిలించుకుని నడిచాను. ఫోను ఆపలేదు, ఎక్కడికి వెళ్తున్నానో ఆయనకి తెలియనీ. వెనక ఆయన అడుగులు వినబడ్డాయి కాసేపు, తర్వాత ఆగాయి. మలుపు దగ్గర తిరిగి చూశాను. రోడ్డు మీద ఎండ తప్ప మా ఇద్దరి మధ్య అడ్డం ఏమీ లేదు. పది అడుగుల దూరంలో నేను నిండుగా కనబడుతున్నా, ఆయన మాత్రం తల వంచుకుని, అరచేతిలోని తన ఫోను తెర మీదే నేను కదలడం చూస్తున్నాడు.